వంటింటికి వైఫై వద్దా?

"వంటింట్లో నీకు నెట్ ఎందుకు?"

మావారు ఈ మాట కోపంగా అనలేదు. ఎగతాళిగానూ అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. అందుకే నాకు ఒళ్లు మండింది. కోపంగా అని ఉంటే నేనూ రెండు మాటలు అని ఊరుకునేదాన్ని.

మాది తిరుపతిలో 2008లో కట్టిన ఇల్లు. కింద హాలు, రెండు గదులు, వంటిల్లు, దాని వెనక మా అత్త పడుకునే చిన్న గది. మిద్దె మీద అబ్బోడి గది. ప్లాను మావారూ, మేస్త్రీ కలిసి గీసుకున్నారు. నన్నూ అడిగారు లెండి, వంటింటి గోడకు ఏ రంగు టైల్సు వేద్దామని.

2012లో అబ్బోడు ఇంజినీరింగులో చేరాడు. ఆ ఏడే ఇంటికి నెట్ పెట్టించారు. హాల్లో టీవీ పక్కన పెట్టె. దాని నుంచి ఒక వైరు మావారి కంప్యూటరుకు, ఇంకో వైరు గోడలోని పైపు గుండా మిద్దె మీద అబ్బోడి గదికి. ఇంట్లో ఐదుగురం ఉంటే నెట్ చేరింది ఇద్దరికి. అప్పట్లో అది నాకు తప్పుగా కూడా తోచలేదు. చదువుకునే పిల్లోడికి, పనిచేసే మగమనిషికి కావాలి, మనకెందుకు అనుకున్నాను. అబ్బోడు 2016లో బెంగళూరు వెళ్లిపోయాడు. గదికి తాళం పడింది. పండక్కి రెండు రోజులు వచ్చేవాడి కోసం మిగతా ఏడాదంతా ఆ గోడలోని సాకెట్టు కాచుకుని కూర్చుంది.

ఆ తర్వాత 2020 వచ్చింది.

నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. ఇంక కొన్నాళ్లకు పాఠాలన్నీ ఫోనులోనే చెప్పమన్నారు. జీతం సగం చేశారు, అది వేరే కథ. హాల్లో కంప్యూటరు దగ్గర కూర్చుందామంటే దానికి కెమెరా లేదు. పైగా తొమ్మిదింబావుకు షేర్ల మార్కెట్టు తెరుస్తారు, మావారి కుర్చీ ఖాళీ ఉండదు. నా దగ్గర ఉన్నది ఫోను. ఫోనుకు వైరు దూరదు. మా పెట్టెకు వైఫై లేదు. సిగ్నలు బాగా తగిలేది మేడ మెట్ల మీద. చదువుల సంవత్సరమంతా ఆ మెట్ల మీద కూర్చునే ఛందస్సు చెప్పాను. మా పాప అప్పుడు ఇంటర్. దాని క్లాసులకూ అదే ఫోను, అదే డేటా. నా సగం జీతంలోంచి రీచార్జులు. నేను కూర్చున్న మెట్టుకు పదడుగుల దూరంలో, తాళం వేసిన గదిలో, నెలనెలా డబ్బు కట్టే నెట్ ఊరికే పడి ఉంది!

ఒకరోజు గురువు, లఘువు చెబుతుంటే డేటా అయిపోయింది. పిలకాయలు "టీచర్, టీచర్" అని అరుస్తున్నారట. పాప తర్వాత చెప్పింది. నేను ఇటువైపు ఒక్కదాన్నే యగణం మగణం అంటూ కూర్చున్నాను.

అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. చాలా ఇళ్లల్లో కంప్యూటరు మగవాళ్లది, ఫోను ఆడవాళ్లది. వైరు నెట్ కంప్యూటరున్నవాడిదే. కాబట్టి వైరున్న ఇంటికి వైఫై కలపడమంటే సౌకర్యం, సోకు అని కొట్టిపారేయకండి. ఇంటి నెట్‌లో ఇంటి ఆడవాళ్లకు వాటా ఇవ్వడమే అది. నేను ఈ మాట మావారితో అంటే "ఇందులో కూడా ఆడా మగా అంటావా?" అన్నారు. అంటాను మరి. నేను పెట్టలేదు, గోడలో ఉంది.

ఇది కొత్తదేమీ కాదు. చిత్తూరులో మా పుట్టింట్లో 1993లో టెలిఫోను వచ్చింది. హాల్లో స్టూలు మీద, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని మహారాణిలా కూర్చుండేది. డయలుకు చిన్న తాళం. తాళంచెవి నాన్న జేబులో. నాన్న చెడ్డవాడని కాదు, బిల్లుకు భయపడేవాడు. మా పిన్ని ఉండేది వేలూరులో. కూతవేటు దూరమే గానీ పక్క రాష్ట్రం, ఎస్టీడీ. రాత్రి పది దాటితే రేటు తగ్గుతుందని అమ్మ కునికిపాట్లు పడుతూ కాచుకునేది. తీరా ఫోను కలిశాక హాల్లో అందరూ ఉంటారు. "ఆ... బాగుండాం... నువ్వు?... ఆ... సరే పెట్టేస్తా" అంతే. ఆ పైన ఏముంటుంది మాట్లాడేందుకు?

కొన్నేళ్లకు మా అన్న కార్డ్‌లెస్ ఫోను తెచ్చాడు. వైరు అదే, బిల్లు అదే, గోడకున్న సాకెట్టూ అదే. చేతిలో పట్టుకునే ముక్క మాత్రం వైరు తెంచుకుంది. అమ్మ దాన్ని తీసుకుని పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్లింది. ఆరోజు మా అమ్మ పిన్నితో మాట్లాడుతూ గట్టిగా నవ్వడం విన్నాను. అప్పటికి నాకు ఇరవై దాటాయి. అట్లాంటి నవ్వు ఆమెకు ఉందని అంతవరకు నాకు తెలియదు.

సరే, మా ఇంటి సంగతికి వస్తాను. 2021లో ఫైబర్ నెట్‌కు మారాం. పెట్టెలోనే వైఫై ఉందన్నారు. బతికాం అనుకున్నాను. బిగించే అబ్బాయి వచ్చి "సార్, యాడ పెట్టమంటారు?" అని మావారిని అడిగాడు. మావారు టీవీ వెనకాల చూపించారు. పది నిమిషాల్లో పని అయిపోయింది. నేను అప్పుడు వాళ్లకు కాఫీ కలుపుతున్నాను.

టీవీ వెనకాల పెట్టిన వైఫై హాలుకు బ్రహ్మాండంగా వస్తుంది. మావారి గదికి వస్తుంది. వంటింటికి రాదు. వెనక గదికి అసలే రాదు. మధ్యలో రెండు గోడలు, ఒక ఫ్రిజ్, స్టీలు సామాన్ల స్టాండు. ఈ తరంగాలకు ఇనుమన్నా, నీళ్లన్నా పడదు. ఇనుము వెనక్కి తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు అదే తరంగాల మీద పనిచేస్తుంది కాబట్టి అది తిరుగుతున్నంతసేపూ గొడవే. పాకాల దగ్గర మా అత్తగారి ఊళ్లో పాత ఇల్లుంది. అడుగున్నర మందం రాతిగోడలు. ఆ ఇంట్లో అయితే ఒక గది సిగ్నలు పక్క గదికి కూడా పోదు. మొత్తానికి నెట్ అంటే పడని వస్తువులన్నీ ఇంట్లో ఆడవాళ్లు తిరిగే చోటే పేర్చిపెట్టారు.

వెనక గదిలో ఉండేది మా అత్త. ఆమె కూతురు దుబాయిలో ఉంటుంది. వీడియోలో ఫోను చేస్తే బొమ్మ ఆగిపోతుంది. "ఏమ్మే, నా కూతురు మొగం సగమే కనబడతా ఉండాది. తక్కిన సగం యాడ పోయినాదో చూడు!" అంటుంది. హాల్లోకి వచ్చి మాట్లాడు అత్తా అంటే రాదు. కొడుకు ముందర కూతురితో మాట్లాడడానికి ఆమెకు ఇబ్బంది. కార్డ్‌లెస్ ఫోను నాటి మా అమ్మ గుర్తొచ్చింది నాకు.

మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఇంటింటికీ నెట్, టీవీ, ఫోను ఇస్తామని ఏపీ ఫైబర్‌నెట్ పెట్టారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలన్నారు. మంచిదే. కానీ ఇంటింటికీ అంటే గడప దాకా అని అర్థం. గడప లోపల ఎవరి దాకా పోయిందన్నది ఏ స్తంభమూ చెప్పదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ లెక్క కొంత బయటపడింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్లు నూటికి 21 మంది. మగవాళ్లు దాదాపు 49 మంది. దేశం మొత్తం మీద ఆడవాళ్లు 33 మంది, మగవాళ్లు 57 మంది. ఊరూరా సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారని మనం గొప్పలు చెప్పుకునే రాష్ట్రం ఇది. ఆ పిల్లల తల్లులు ఎందరు ఆ 21లో ఉన్నారో?

ఇంక లాభం లేదని ఈ ఏడు నేనే పూనుకున్నాను. మా పాప ఇప్పుడు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎంసీఏ చదువుతోంది. అది చెప్పింది, నేను చేశాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఇష్టం లేనివాళ్లు ఈ నాలుగు పేరాలు దాటేయండి.

కొట్టుకు పోతే రిపీటర్ అని ఒకటి చూపించారు. గోడకు గుచ్చేస్తే చాలు మేడమ్, వైరు పని లేదు అన్నాడు కొట్టబ్బాయి. పాప వద్దంది. అది హాలు పెట్టె చెప్పింది విని మళ్లీ తను చెబుతుంది. మామూలు రకాల్లో వినడం, చెప్పడం రెండూ ఒకే గొంతుతో. అందుకని వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది. పైగా దానికే సరిగ్గా వినబడని చోట పెడితే అది మనకేం చెబుతుంది? గోడలో ఇప్పటికే వైరున్న ఇంట్లో రిపీటర్ దండగ. వైరు చివర ఇంకో వైఫై పెట్టె పెట్టుకోవడమే మేలు. దాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు. వైరు మోసుకొచ్చిన వేగాన్ని అది అట్లాగే గాలిలోకి వదులుతుంది. కొత్తది కొననక్కర్లేదు, అటక మీద పాత వైఫై రౌటర్ ఉంటే చాలు. మా అక్క ఇంట్లో మూలపడిన రౌటర్ ఒకటి తెచ్చుకున్నాను.

అబ్బోడి గది సరిగ్గా మా వంటింటి మీదే ఉంది. ఆ తాళం గదిలోని సాకెట్టు నుంచి వైరు దించుతానన్నాను. "అబ్బోడి వైరు పీకేస్తావా? వాడొస్తే ఎట్లా?" అన్నారు మావారు. చూశారా! రోజూ ఇంట్లో ఉండే ముగ్గురు ఆడవాళ్ల కన్నా, రాని మనిషి వైరుకు విలువ. పీకనక్కర్లేదండీ, స్విచ్ అని చిన్న పెట్టె ఉంటుంది, ఒక వైరు నాలుగవుతుంది అని చెప్పాను. ఐదు బెజ్జాల స్విచ్ పెట్టి, అక్కణ్నుంచి వైరును వెంటిలేటర్ గుండా బయటి గోడ మీదుగా కిందికి దించి, వంటింటికీ వెనక గదికీ మధ్య ఉన్న అల్మరా పైఅరకు తెచ్చాం. పొయ్యికి దూరంగా, ఫ్రిజ్‌కు దూరంగా, తలకన్నా ఎత్తులో. బయట ఎండకు మామూలు వైరు తొడుగు పగిలిపోతుంది, ఆరుబయటకని చేసిన నల్లది అడిగి తీసుకోండి. కరెంటు వైరున్న పైపులో దీన్ని దూర్చకండి. నూరు మీటర్ల దాకా ఈ వైరుకు ఢోకా లేదు. మన ఇళ్లకు అందులో నాలుగో వంతు ఎక్కువ. ఇంకో సంగతి. పాత సాకెట్టు విప్పి చూస్తే, వైరులో ఎనిమిది తీగలుంటే ఆనాటి ఎలక్ట్రీషియన్ నాలుగే బిగించాడు. నాలుగుతో కూడా నెట్ వస్తుంది, కాకపోతే సెకనుకు వంద మెగాబిట్లు దాటదు. పదేళ్లకు పైగా ఎవరూ చూడలేదు.

పాత రౌటర్‌ను ముందు పాప ల్యాప్‌టాప్‌కు తగిలించి దాని సెట్టింగుల్లో మూడు మార్పులు చేయాలి. దాని అడ్రసు, హాలు పెట్టె అడ్రసు ఒకటి కాకూడదు. మాది 192.168.1.1 అయితే దానికి 192.168.1.2 ఇచ్చాం. రెండోది, డీహెచ్‌సీపీ అని ఉంటుంది, దాన్ని ఆపేయాలి. అదేమిటంటే... మన ఊళ్లో సర్వదర్శనం టోకెన్లు ఇస్తారు కదా. రెండు కౌంటర్లు ఒకదానికొకటి తెలియకుండా ఒకే నంబర్లు ఇచ్చాయనుకోండి, క్యూలో ఏమవుతుంది? ఇంట్లో ప్రతి ఫోనుకూ నంబరు ఇచ్చే కౌంటరు ఒకటే ఉండాలి, అది హాలు పెట్టె. మూడోది, వైఫై పేరూ పాస్‌వర్డూ. హాలుకు పెట్టినవే దీనికీ పెడితే ఫోను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగినా అదే మారుతుంది. రక్షణ డబ్ల్యూపీఏ2, లేదా డబ్ల్యూపీఏ3 ఉండేట్టు చూసుకోండి. పెట్టెతో వచ్చిన 'అడ్మిన్' పాస్‌వర్డ్ అట్లాగే ఉంచకండి. చివరికి వైరు గుచ్చేటప్పుడు రౌటర్‌కు 'వాన్' అని విడిగా ఉండే బెజ్జంలో కాదు, 'లాన్' అని ఉన్న నాలుగింట్లో ఒకదాంట్లో గుచ్చాలి. ఛానళ్ల సంగతొకటి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలబడనివి 1, 6, 11 మాత్రమే. హాలుది 1 అయితే వంటింటిది 6 పెట్టాం. 11 పక్కింటివాళ్లది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువే కానీ గోడ దాటాలంటే బద్ధకిస్తుంది.

ఇదంతా సజావుగా సాగిందని అనుకోకండి. నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. స్విచ్చి దగ్గర ఒక వైరు ముక్క మిగిలింది. వేలాడుతూ ఉండడం ఎందుకని రెండు కొసలూ అదే స్విచ్చిలో గుచ్చేశాను. క్షణంలో ఇల్లంతా నెట్ చచ్చిపోయింది. హాల్లోంచి మావారు "ఏం పీకినావు?" అని కేక. ఏమీ పీకలేదు, గుచ్చాను. రెండు కొసలూ ఒకే స్విచ్చిలో కలిస్తే సమాచారం గానుగెద్దులా అక్కడే తిరుగుతూ పెరిగిపోయి, వేరే దేనికీ దారి లేకుండా చేస్తుందట. పాప వచ్చి ఒక కొస లాగేసి, నవ్వి, ఒక పాఠం చెప్పింది. ఈ చిక్కును విప్పింది ఒక ఆడమనిషి. రేడియా పెర్ల్‌మన్ అని అమెరికా ఇంజినీరు. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తూ, ఎన్ని వైర్లు ఎట్లా కలిపినా స్విచ్చిలు తమలో తాము మాట్లాడుకుని తిరుగుడు దారిని మూసేసుకునే పద్ధతి కనిపెట్టింది. దాన్ని స్పానింగ్ ట్రీ అంటారు. ఆవిడ తల్లి కూడా ప్రోగ్రాములు రాసేదట. పెద్ద ఆఫీసుల స్విచ్చిల్లో ఈ ఏర్పాటు ఉంటుంది, మాలాంటివాళ్లు కొనే చవక పెట్టెల్లో సాధారణంగా ఉండదు. "ఆయమ్మ మన ఇంటికొచ్చి ఉంటే మీ నాన్న ఏమనేవాడు?" అని అడిగాను పాపను. "వంటింట్లో నీకు స్విచ్ ఎందుకు అనేవాడు" అంది.

నెట్ వెనక గదికి చేరాక అసలు గొడవ మొదలైంది. పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలి?

హాలు పెట్టెను మావారు రాత్రి పదికి ఆపేస్తారు. ఆడపిల్ల రాత్రిపూట ఫోను చూస్తుందని ఆయన భయం. అబ్బోడు ఇంజినీరింగు చదివిన నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా పదికి ఆపలేదు. వాడు తెల్లవార్లూ ఆటలాడి మధ్యాహ్నం లేచినా "చదివి చదివి అలిసిపోయినాడు పాపం" అన్నాం. ఆయన ఒక్కరే కాదు, నేనూ అన్నాను. ఇప్పుడు పాప రాత్రి పదకొండుకు ప్రోగ్రాములు రాసుకుంటుంటే దీపం ఎందుకు వెలుగుతోందని ఇద్దరం తొంగిచూస్తున్నాం.

కేరళలో ఒక కాలేజీ హాస్టల్లో ఆడపిల్లలు సాయంత్రం నుంచి రాత్రి దాకా ఫోను వాడకూడదని నిబంధన పెట్టారు. ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. ఆమెను పంపించేశారు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమే అంది. అది హాస్టలు కాబట్టి కోర్టుకు పోయింది. ఇళ్లల్లో పదికి ఆగిపోయే పెట్టెల మీద ఎవరు కేసు వేస్తారు? మన దేశంలో ఈ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి లైసెన్సు అక్కర్లేదని కేంద్రప్రభుత్వం 2005 జనవరిలోనే చెప్పేసింది. ఢిల్లీలో అక్కర్లేదన్నారు గానీ మన హాల్లో ఇంకా కావాల్సి వస్తోంది.

"నెట్‌లో మోసాలు జాస్తి, బ్యాంకు ఫోన్లని నమ్మి ఆడవాళ్లు డబ్బులు పోగొట్టుకుంటున్నారు" అంటుంది మా ఎదురింటి అక్క. నిజమే. పోగొట్టుకున్న మగవాళ్లనూ ఎరుగుదును, మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లో పెట్టె ఆపేయలేదెవరూ. రాత్రి పదికి ఆపాలంటే అందరికీ ఆపుదాం, క్రికెట్ మ్యాచ్‌తో సహా అన్నాను. మావారు ఆలోచించి, ఆపకపోవడమే మంచిదన్నారు. ఇందులో నా తప్పు కూడా ఒప్పుకోవాలి. వంటింటికి నెట్ వచ్చాక మొదటి వారం నేను రీల్సు చూస్తూ రెండుసార్లు పప్పు మాడ్చాను. ఎదురింటి అక్కకు ఆ వాసన వెళ్లింది కూడా.

ఇప్పుడు నేను సాయంత్రం వంటింటి పక్కనే చాప వేసుకుని, ఊళ్లోనూ బయటా ఉన్న ఆరుగురు పిలకాయలకు పద్యాలు చెబుతున్నాను. ట్యూషను డబ్బు నా పేరున పడుతుంది. మా అత్తకు కూతురి మొగం పూర్తిగా కనబడుతోంది. ఏం మాట్లాడుకుంటారో తెలియదు, తలుపు వేసుకుంటుంది. సంక్రాంతికి అబ్బోడు వచ్చి అలవాటు ప్రకారం "నాన్నా, వైఫై పాస్‌వర్డ్ ఏంది?" అన్నాడు. "నాకేం తెలుసు, మీ అమ్మనడుగు" అన్నారు మావారు. ఆ మాట కొంచెం విసుగ్గానే అన్నారు, కానీ అన్నారు.

మొన్న వానకు రాత్రి కరెంటు పోయింది. హాల్లో పెట్టె వెలుగుతూనే ఉంది. మాది ఆరిపోయింది. ఎందుకా అని చూస్తే, ఇన్వర్టర్ లైను హాలుకూ, మావారి గదికీ, మిద్దె మీద గదికీ మాత్రమే లాగారు. వంటింటికి గానీ, వెనక గదికి గానీ లేదు. 2008 నుంచి కరెంటు పోయినప్పుడల్లా నేను కొవ్వొత్తి పెట్టుకుని వండుతూనే ఉన్నాను, ఎప్పుడూ అడగలేదు. ఎలక్ట్రీషియన్ని వచ్చే ఆదివారం రమ్మన్నాను. ఈసారి కాఫీ మావారు కలుపుతారు.